పచ్చి ఎముకా, బ్రష్షా, డెంటల్ స్టిక్కా: కుక్క పళ్ల శుభ్రతకు ఏది ఎంచుకోవాలి?

కుక్క నోరు వాసన వస్తోందని ఎవరితోనైనా అంటే వెంటనే రెండు సలహాలు వినిపిస్తాయి. మటన్ కొట్టు నుంచి పచ్చి బొమిక ఒకటి తెచ్చి వేస్తే పళ్లను అదే గీరి శుభ్రం చేస్తుందని కొందరంటారు. ఎముక జోలికే పోవద్దు, పశువైద్యుడి దగ్గర క్లీనింగ్ చేయించండి అని మరికొందరంటారు. ఇవి కాక పెట్ షాపు అరల్లో డెంటల్ స్టిక్కులు, తోలుతో చుట్టిన ఎముకలు, చుర్పీలనే యాక్ పాల గట్టి జున్ను ముక్కలు ఉంటాయి. ఇంట్లో కొబ్బరి నూనె, పసుపు, వేప పుల్ల ఉండనే ఉన్నాయి. వీటిలో ఏది ఎంత పని చేస్తుందో, దేని వెంట ఎంత ప్రమాదం వస్తుందో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఎంపిక కుదరదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రోజూ బ్రష్ చేయగలిగిన ఇంట్లో పచ్చి ఎముక అవసరం లేదు, బ్రష్ చేయలేని ఇంట్లో పచ్చి ఎముక ఒక్కటే సరిపోదు.

పాచి, గార, చిగురు

పెద్దయిన కుక్కకు 42 పళ్లుంటాయి. శుభ్రం చేసిన కొన్ని గంటల్లోనే వాటి మీద బ్యాక్టీరియాతో కూడిన మెత్తటి జిగురు పొర మళ్లీ ఏర్పడుతుంది, అదే పాచి. గుడ్డ చుట్టిన వేలితో రుద్దినా అది పోతుంది. అయితే కుక్క లాలాజలానికి మన లాలాజలం కంటే క్షారగుణం ఎక్కువ కాబట్టి, అందులోని కాల్షియం వంటి ఖనిజాలు ఆ పొరలో చేరి, రెండు మూడు రోజుల్లోనే దాన్ని గట్టి గారగా మార్చడం మొదలుపెడతాయి. కుక్కల పళ్లు మన పళ్లలా తరచుగా పుచ్చకపోవడానికి ఈ క్షారగుణం కూడా ఒక కారణమే గాని, దాని మూలంగానే గార మాత్రం త్వరగా పడుతుంది.

గార చూడటానికి అసహ్యంగా ఉన్నా జబ్బుకు మూలం అది కాదు. పంటికీ చిగురుకీ మధ్య ఉండే సన్నని సందులోకి పాచి దిగినప్పుడు, అక్కడి బ్యాక్టీరియాను ఎదుర్కొనే క్రమంలో చిగురు వాస్తుంది. అది ముదిరితే పంటిని పట్టి ఉంచే దవడ ఎముక కరిగి పళ్లు కదలడం మొదలవుతుంది. గరుకైన గార ఆ పాచి అంటుకుని ఉండటానికి చోటిస్తుంది, అంతే. కాబట్టి ఏ పద్ధతినైనా తూచేటప్పుడు పన్ను ఎంత తెల్లబడిందనే దానికంటే, చిగురు అంచు దగ్గర పాచి ఎంత పోయిందనేది ముఖ్యం. ఈ ఒక్క విషయం గుర్తుంటే మార్కెట్లో వినిపించే మాటల్లో సగం వాటంతటవే రాలిపోతాయి.

ఏదైనా మొదలుపెట్టే ముందు పగటి వెలుతురులో కుక్క పై పెదవిని పక్క నుంచి ఎత్తి చూడాలి. ముందుండే కోరపళ్లు తెల్లగా ఉన్నాయని సంతోషపడి వదిలేయకూడదు. పై దవడలో కోర వెనక వరుసలో అన్నిటికంటే పెద్దదిగా, కత్తెర అలుగులా కనిపించే పన్ను ఒకటి ఉంటుంది. లాలాజలం బుగ్గలోంచి నోట్లోకి వచ్చే నాళం దాని సమీపంలోనే తెరుచుకుంటుంది కాబట్టి గార మొదట పట్టేది అక్కడే. ఆ పంటి మొదట్లో పసుపు, గోధుమ రంగు పెచ్చు, దానిపైన చిగురు అంచు పొడవునా సన్నని ఎర్రటి గీత కనిపిస్తే వాపు మొదలైందని అర్థం. ఈ దశ వరకు ఇంటి పద్ధతులకు పని ఉంది. చిగురు కిందికో పైకో జరిగిపోయి పంటి వేరు బయటపడినా, పన్ను కదిలినా, చీము లేదా రక్తం కనిపించినా, కుక్క ఒక పక్కనే నములుతున్నా ఎముకలు, బ్రష్షులు అన్నీ పక్కన పెట్టి ముందు పశువైద్యుడికి చూపించాలి. కదిలే పళ్లున్న కుక్కకు ఎముక వేయడం దాన్ని బాధపెట్టడమే.

పచ్చి ఎముక ఏం చేస్తుంది, ఏం చేయదు

పచ్చి ఎముకను సమర్థించేవారి వాదనలో నిజం లేకపోలేదు. 1990ల నుంచి ఆస్ట్రేలియాలో కొందరు పశువైద్యులు ఈ మాట గట్టిగా చెబుతూ వచ్చారు. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో బ్రెజిల్ శాస్త్రవేత్తలు 8 బీగిల్ కుక్కలకు పశువుల పచ్చి ఎముకలు నమలనిచ్చి చూసినప్పుడు, రెండు వారాలు తిరగకముందే పళ్ల మీది గార సగానికి పైగా తగ్గింది. ఆ కొద్ది రోజుల్లో ఏ కుక్కకూ పన్ను విరగలేదు, పేగుల్లో అడ్డు పడలేదు. ఎముక వల్ల ఉపయోగమే లేదనేవారు ఈ ఫలితాన్ని దాటవేయలేరు. అయితే వందల్లో ఒకసారి జరిగే ప్రమాదం 8 కుక్కల్లో కనిపించకపోవడంలో వింత లేదు; పైగా అక్కడ కొలిచింది గారను.

దీని పక్కన పెట్టి చూడవలసిన నివేదిక మరొకటి ఉంది. ఆఫ్రికా అడవి కుక్కల 29 పుర్రెలను పరిశీలించి 1999లో ప్రచురించిన ఆ నివేదికలో, పళ్ల మీద గార చాలా స్వల్పంగా కనిపించింది. కానీ సుమారు 40 శాతం పుర్రెల్లో చిగుళ్ల వ్యాధి దవడ ఎముక దాకా పాకిన గుర్తులున్నాయి, దాదాపు సగం పుర్రెల్లో విరిగిన పళ్లున్నాయి. వేటాడి, పచ్చి ఎముకలు కొరికి బతికే జంతువు నోరది. ‘అడవిలో కుక్కలకు బ్రష్ ఎవరు చేస్తారు’ అని అడిగేవారికి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు. ఎముక పంటి పైభాగాన్ని గీకుతుంది. చిగురు సందులోని పాచిని అది అందుకోవడం తక్కువ. కొరకడానికి వాడే వెనక పళ్లకు మేలు జరుగుతుంది గాని, ముందు చిన్న పళ్లకు పెద్దగా ఏమీ జరగదు. ఒక పక్కనే నమిలే అలవాటున్న కుక్కకు రెండో పక్క అలాగే ఉండిపోతుంది.

ప్రమాదాల్లో మొదటిది పన్ను విరగడం. కుక్క పంటి ఎనామెల్ మన దానికంటే చాలా పలుచన. కాబట్టి గట్టి ఎముక మీద బలమంతా పెట్టి కొరికినప్పుడు, పైన చెప్పిన కత్తెర పంటి బయటి భాగం పెచ్చులా ఊడి లోపలి నాడి బయటపడుతుంది. ఆ తరువాత కుక్క అన్నం మానదు, అరవదు; నొప్పిని దాచుకునే స్వభావం దానిది. నెలల తరువాత కంటి కింద వాపు వచ్చాకే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. అప్పుడిక రూట్ కెనాలో, పన్ను తీసేయడమో తప్ప దారి ఉండదు.

అందుకే వద్దు అన్నంతటితో ఆగకుండా ఏ ఎముక అన్నది కూడా చూడాలి. పశువైద్యులు చెప్పే సులువైన పరీక్ష ఒకటుంది: గోటితో గట్టిగా నొక్కితే సొట్ట పడని వస్తువును, మోకాలి చిప్ప మీద కొట్టుకోవడానికి మీరే జంకే వస్తువును కుక్కకు నమలడానికి ఇవ్వకూడదు. ఆవు, గేదె కాలి ఎముకలు ఈ పరీక్షలో మొదటే ఓడిపోతాయి. గొర్రె లేదా మేక పక్కటెముకలు, మెడ కూడా పూర్తిగా గెలవవు. కాకపోతే కొరికితే నలుగుతాయి, మాంసం, నరాలు అంటుకుని ఉండటం వల్ల కుక్క చీరుతూ, లాగుతూ తినవలసి వస్తుంది. పళ్లకు అంతో ఇంతో మేలు చేసేది ఆ చీరడమే. బిర్యానీలోకి వేసే నల్లి ఎముకను గుండ్రంగా కోసిన ముక్కలు అసలు ఇవ్వకూడదు. మూలుగ నాకబోయి ఆ చక్రాన్ని కింది దవడకు ఉంగరంలా తగిలించుకుని, తీయించడానికి మత్తు ఇవ్వవలసి వచ్చే కుక్కలు ఉంటాయి. మూలుగలోని కొవ్వు వల్ల విరేచనాలు పట్టుకోవచ్చు, క్లోమం వాచే ప్రమాదమూ ఉంది.

మన కొట్లలో ఎముక కొనేటప్పుడు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మొద్దు మీద పెట్టి కత్తితో టకటకా కొట్టి ఇచ్చే కూర ముక్కల్లో ఎముక నున్నగా తెగదు, చీలుతుంది. ఆ చీలిక అంచు సూదిలా ఉంటుంది. కాబట్టి పక్కటెముకల పలకను గాని మెడను గాని కొట్టకుండా మొత్తంగా ఇమ్మని అడగాలి, లేదా కుక్క మూతి కంటే పొడవైన ముక్కగా రెండు మూడు చోట్ల మాత్రమే కోయించుకోవాలి. దాన్ని కడుపు నిండిన తరువాత, కడగడానికి వీలైన గచ్చు మీద, మీ కళ్లెదుటే ఇవ్వాలి. పదిహేను ఇరవై నిమిషాలు నమిలాక, మింగగలిగినంత చిన్న ముక్క మిగలక ముందే తీసేయాలి. వారానికి ఒకటి రెండు సార్లు చాలు. అంతకు మించితే మలం సుద్దముక్కలా గట్టిపడి మలబద్ధకం వస్తుంది. నోట్లోది తీయబోతే గుర్రుమనే కుక్కకు ఈ పద్ధతి పనికిరాదు. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే రెండింటినీ వేరు వేరు గదుల్లో ఉంచక తప్పదు.

రెండో ప్రమాదం సూక్ష్మజీవులది. పచ్చి మాంసంలో సాల్మొనెల్లా వంటివి ఉండవచ్చు. కుక్క తట్టుకున్నా, దాని నోటి నుంచి, మలం నుంచి ఇంట్లోని పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, కీమోథెరపీ వంటి చికిత్సలో ఉన్నవారికి సోకవచ్చు. ఫ్రీజర్‌లో పెడితే కొన్ని పరాన్నజీవులు చస్తాయి గాని సాల్మొనెల్లా చావదు. మే నెల ఎండలో పెరట్లో గంటసేపు పడి ఉన్న ఎముక గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఎముకతో పాటు ఊరికే ఇచ్చే కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలు పచ్చివి వేయవద్దు. గొర్రెలు, మేకల అవయవాల్లో ఉండే హైడాటిడ్ తిత్తులు, అంటే పురుగు పిల్లలున్న నీటి సంచులు, కుక్క పొట్టలో బద్దె పురుగులుగా పెరిగి, వాటి గుడ్ల ద్వారా మనుషులకు వ్యాధి చుట్టుకుంటుంది. చిన్న కుక్కలకు కోడి మెడలు మంచివని చెప్పేవారున్నారు. అవి గుటుక్కున మింగేయడానికి వీలైనవి కావడం ఒక ఇబ్బంది అయితే, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక పచ్చి కోడిమాంసం విషయంలో నేను ఇంకా వెనక్కే ఉంటాను.

వండిన ఎముకల విషయంలో చర్చ అక్కర్లేదు. ఉడికిన ఎముక పెళుసై ముళ్లలా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. ఆదివారం కూరలోని ఎముకలకు అంటుకున్న ఉల్లి, వెల్లుల్లి కూడా కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పొగపెట్టి, కాల్చి ప్యాకెట్లలో అమ్మే ఎముకలు కూడా ఈ కోవలోవే. వాటి గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే ప్రజలను హెచ్చరించింది.

బ్రష్

చిగురు అంచులోని పాచిని నేరుగా తుడిచేది బ్రష్ ఒక్కటే. శాకాహారుల ఇళ్లలో పెరిగే కుక్కలకు, పసిపిల్లలున్న ఇళ్లలోని కుక్కలకు ఇంకో ఆలోచనే అక్కర్లేదు. దీని మీద వచ్చే అభ్యంతరం ఒక్కటే: కుక్క చేయనివ్వదు. నోరు బలవంతంగా తెరిచి మొదటిరోజే బ్రష్ దూరిస్తే ఏ కుక్కయినా చేయనివ్వదు. మొదటి వారం పెదవి ఎత్తి, వేలితో చిగురు తాకి, మెచ్చుకుని వదిలేయాలి. తరువాత వేలికి పలుచటి తడి గుడ్డ చుట్టి రుద్దాలి. ఆ తరువాతే చిన్నపిల్లల మెత్తటి బ్రష్షు. నోరు తెరవనక్కర్లేదు, పెదవి కింద నుంచి బ్రష్‌ను పోనిచ్చి, కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఆనేలా ఏటవాలుగా పట్టి చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. లోపలి వైపును నాలుక కొంత తుడుస్తుంది కాబట్టి బయటి వైపు చేస్తే చాలావరకు చేసినట్టే. వెనక పళ్ల నుంచి మొదలుపెట్టడం మంచిది. కుక్క ఓపిక పోయేలోపు ముఖ్యమైన పని అయిపోతుంది. ఒక్కో పక్కకు అర నిమిషం చాలు.

పాచి గారగా మారడానికి రెండు మూడు రోజులే పడుతుందని చెప్పుకున్నాం కదా, వారానికోసారి చేసే బ్రష్ వల్ల పెద్దగా ప్రయోజనం లేకపోవడానికి కారణం అదే. రోజూ చేయాలి, కనీసం రోజు విడిచి రోజైనా చేయాలి. మనుషుల టూత్‌పేస్ట్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. కుక్క ఉమ్మేయదు, మింగుతుంది. కొన్ని పేస్టుల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టి కాలేయాన్ని కూడా దెబ్బతీస్తుంది. కుక్కల కోసం తయారైన కోడి రుచి ఎంజైమ్ పేస్టులు దొరుకుతాయి. అవి లేకపోతే ఉత్త నీళ్లతో రుద్దినా ఫరవాలేదు. పనిలో ఎక్కువ పాలు కుచ్చుదే.

నమిలే వస్తువులు

పెట్ షాపులో తెల్లగా ముడి వేసి వేలాడే తోలు ఎముకలు చవక, అందుకే ఎక్కువగా అమ్ముడవుతాయి. నానిన కొద్దీ జిగురుగా సాగి, పెద్ద ముక్కలుగా ఊడి, గొంతులోనో పేగులోనో ఇరుక్కుంటాయి. ఆత్రంగా మింగే లాబ్రడార్ వంటి కుక్కలకు నేను వీటిని సూచించను. చుర్పీ పాలతో చేసినదే అయినా రాయిలా ఉంటుంది. గోటి పరీక్ష పెడితే చాలు, సంగతి తెలిసిపోతుంది. గేదె కొమ్ములు, గిట్టలు కూడా అంతే. విదేశీ వీడియోలు చూసి జింక కొమ్ము కోసం వెతికేవారు ఒక విషయం గమనించాలి: మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక కొమ్ముల వ్యాపారం నేరం. పళ్ల సంగతి ఆ తరువాత.

వంగే గుణమున్న డెంటల్ స్టిక్కులు వీటన్నిటికంటే నయం. పన్ను వాటిలోకి దిగుతుంది కాబట్టి పంటి పక్కల మీది పాచి కొంతవరకు తుడుచుకుపోతుంది. అమెరికాలో పశువైద్య దంత నిపుణుల మండలి ఒకటి వీఓహెచ్‌సీ పేరుతో, పరీక్షల్లో పాచిని గాని గారను గాని నిర్ణీత మేరకు తగ్గించినట్టు చూపిన ఉత్పత్తులకు ముద్ర ఇస్తుంది; ఆ జాబితా ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. అమెరికాలో ఉండే మనవాళ్లకు ఆ ముద్ర చూసి కొనడం సులువు. ఇక్కడ కొనేవారు ప్యాకెట్ మీది గొప్పలు చదివే బదులు ఆ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది. కుక్క బరువుకు తగిన సైజు తీసుకోవాలి. స్టిక్కులోని కేలరీలను రోజు తిండిలోంచి తగ్గించాలి, లేకపోతే పళ్లు బాగుపడే లోపు నడుము మాయమవుతుంది.

వంటింటి వైద్యాలు

కొబ్బరి నూనె పళ్లకు రాస్తే కుక్క ఇష్టంగా నాకుతుంది. బ్రష్‌కు అలవాటు చేయడానికి చుక్క వాడుకోవచ్చు. నూనె మాత్రమే రాసి వదిలేస్తే పాచి పోతుందనడానికి చెప్పుకోదగ్గ ఆధారం లేదు. పసుపు, వంట సోడా కూడా అంతే. సోడాలోని సోడియం గుండె, మూత్రపిండాల జబ్బులున్న కుక్కకు మంచిది కాదు. వేప పుల్లను మనం నమిలి కుంచెలా చేసుకుని తోముకుంటాం, కుక్క దాన్ని విరిచి మింగుతుంది. పచ్చి క్యారెట్ మంచి చిరుతిండి, బరువు పెంచదు, కానీ పళ్లు శుభ్రం చేసేది మాత్రం కాదు. టీ ట్రీ నూనె కలిసిన ‘సహజ’ ద్రావణాలు కుక్కకు విషం. ఈ వరుసలో కాస్త గౌరవం ఇవ్వదగినది తిండిలో కలిపే ఒక రకం గోధుమ రంగు సముద్రపు నాచు పొడి. దానిపై కుక్కల్లో పరీక్షలు జరిగాయి, పాచి, గార తగ్గినట్టు కనిపించింది. అయితే అందులో అయోడిన్ ఎక్కువ కాబట్టి థైరాయిడ్ సమస్య ఉన్న కుక్కకు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఏ కుక్కకు ఏది

పామరేనియన్, షిట్జూ, పగ్ వంటి చిన్న జాతుల నోట్లో అవే 42 పళ్లు ఇరుకుగా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. చిగుళ్ల జబ్బు వీటికే తొందరగా, తీవ్రంగా వస్తుంది. పాల పళ్లు ఊడకుండానే పక్కన కొత్త పళ్లు రావడం కూడా వీటిలోనే ఎక్కువ. ఈ కుక్కలకు ఎముక మాటే ఎత్తవద్దు. చిన్నప్పటి నుంచి బ్రష్, ఏడాదికోసారి నోటి పరీక్ష తప్పవు. మూడు నాలుగేళ్ల లాబ్రడార్‌కో, జర్మన్ షెపర్డ్‌కో, నిదానంగా నమిలే ఊరకుక్కకో చిగుళ్లు బాగుండి, ఇంట్లో పసిపిల్లలు, జబ్బుపడినవారు లేకపోతే, బ్రష్‌తో పాటు వారానికొక మేక పక్కటెముకల పలకను నేను కాదనను. పాల పళ్లు ఊడే నాలుగు నుంచి ఆరు నెలల వయసులో చిగుళ్లు నొప్పిగా ఉంటాయి కాబట్టి గట్టిగా రుద్దకుండా, నోరు ముట్టుకోనిచ్చే అలవాటు మాత్రం నేర్పాలి. ఎనిమిదేళ్లు దాటి ఎన్నడూ పళ్లు చూపించని కుక్కకు మాత్రం వరుస తిరగబడుతుంది: ముందు డాక్టరు, తరువాతే బ్రష్.

గట్టిపడిన గారను, ముఖ్యంగా చిగురు కింద దిగినదాన్ని, ఇంట్లో ఏదీ తీయలేదు. మత్తు లేకుండా చేసే స్కేలింగ్, అంటే గారను గీకి తీయడం, చవకగా, భయం లేనిదిగా కనిపిస్తుంది గాని, కదిలే కుక్కకు చిగురు కింద శుభ్రం చేయడం సాధ్యం కాదు. పంటి పైభాగం మెరుస్తుంది, జబ్బు లోపల అలాగే ఉంటుంది. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం డబ్ల్యూఎస్‌ఏవీఏ తన దంత మార్గదర్శకాల్లో దీన్ని వ్యతిరేకించింది. మత్తు ఇచ్చి చేసేచోట మూడు విషయాలు అడగాలి: ముందు రక్తపరీక్ష చేస్తారా, శ్వాసనాళంలో గొట్టం వేస్తారా, పళ్లకు ఎక్స్-రే తీస్తారా. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు దగ్గరలో ఉన్నవారు అక్కడ కూడా విచారించుకోవచ్చు. స్కేలింగ్ అయ్యాక చిగుళ్లు మానేవరకు మెత్తటి తిండి పెట్టి, బ్రష్ ఏ రోజు నుంచి మొదలుపెట్టాలో డాక్టరునే అడిగి తెలుసుకోవాలి. పాచి మాత్రం ఆ రోజు సాయంత్రం నుంచే మళ్లీ చేరడం మొదలవుతుంది.